పెద్దది, చిన్నది, తేడా

ఆవిడకు ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు ఉంది. ఆ వీధుల్లో మాత్రం ఆవిడ లాటరీ మేడం. పిల్లల బడులకు చీటీలు తీయించింది ఆవిడే కాబట్టి జనం పెట్టిన పేరు. మొదట్లో వినగానే మొహం చిట్లించేది. తర్వాత ఎంత అలవాటైందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెంటనే పలికేది కాదు.

పథకం చెప్పుకోవడానికి చిన్నదే. ఊరికి అవతలి వైపు కొత్త బడి కట్టారు. సీట్లు కొన్ని, కావాలన్నవాళ్లు కొల్లలు. ఎవరి పలుకుబడీ పనిచేయకుండా చీటీలు తీద్దామని ఆవిడే పట్టుబట్టింది. అందులో న్యాయం ఉంది, ఆవిడ వృత్తికి లాభమూ ఉంది. చీటీ వచ్చి వెళ్లినవాళ్లనూ, రాక పాత బడిలోనే ఉండిపోయినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త బడి చేసిన మేలు ఎంతో తేలిపోతుంది. తేలింది కూడా. తేడా ఆవిడ అనుకున్నదానికంటే పెద్దదిగా వచ్చింది. ఆ వారం చివర్లో నివేదికను పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు తలూపితే ఇలాంటి బడులు, ఇలాంటి చీటీలు అన్ని ఊళ్లకూ వెళ్తాయి.

నివేదిక అట్ట మీదికి ఒక మంచి ఫొటో కావాలన్నాడు ఆఫీసులో డైరెక్టరు. అందుకని ఆవిడ ఆ సాయంత్రం కవలల ఇంటికి వచ్చింది.

కవలలు దొరికారంటే ఆవిడ వృత్తిలోవాళ్లకు నోట్లో చక్కెర పోసినట్టే. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే తిండి. ఇద్దరిలో పెద్దదానికే చీటీ వచ్చింది, చిన్నదానికి రాలేదు. ఇక ఆ తర్వాత వచ్చిన తేడా బడి వల్ల కాక మరి దేనివల్ల వస్తుంది?

కవలల తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మేడాన్ని చూడగానే లేవబోయింది కానీ, కుట్టు మధ్యలో ఉంది. "ఒక్క నిమిషం మేడం, ఈ కాలరు వదిలేస్తే మళ్లీ దారికి రాదు" అంటూ మిషను చక్రాన్ని అరచేత్తో ఆపి, బట్టను సూది చుట్టూ తిప్పి, మూల దగ్గర రెండు కుట్లు వెనక్కి వేసి, దారాన్ని పళ్లతో తెంపింది. అప్పుడు లేచి, కుర్చీ మీది గుడ్డముక్కలు కింద పడేసి, దాన్ని కొంగుతో తుడిచింది.

"కూర్చోండి. చిన్నదాని సంగతికే గదా మీరొచ్చింది?"

"కాదమ్మా. ఫొటో కోసం వచ్చాను. ఇద్దర్నీ కలిపి తీసుకోవచ్చా అని మిమ్మల్ని అడుగుదామని."

తల్లి మొహం కాస్త వాడింది. అంతలోనే సర్దుకుంది. "తీసుకోండి, దానికేం. పుస్తకం మీద వేస్తారంటే నాకూ సంతోషమే. కానీ మేడం, ఈ ఏడైనా చిన్నదాన్ని కూడా అటు వేయించండి. మీరొక్క మాటంటే చాలు."

"నా మాట పనిచేయకూడదనేగా చీటీలు పెట్టింది."

"అదే లెండి" అంది తల్లి. గోడ వారగా కట్టిన తీగ మీద రెండు చొక్కాలు ఆరుతున్నాయి. ఒకటి కొత్త బడి నీలం, ఒకటి పాత బడి గోధుమరంగు. నీలందాన్ని ఆమె చేత్తో సాగదీసి, ముడత లేకుండా సరిచేసింది. గోధుమరంగుదాన్ని ముట్టుకోలేదు.

పిల్లలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చారు. చిన్నది ముందు నడుచుకుంటూ వచ్చి, గుమ్మం బయటే నిలబడిపోయింది. లోపలికి రావే అంటే రాలేదు. వీధి మలుపులో వ్యాను ఆగి, పెద్దది దిగి, దగ్గరికొచ్చి దాని చెయ్యి పట్టుకున్నాకే ఇద్దరూ లోపలికొచ్చారు. "రోజూ ఇదే తంతు" అంది తల్లి నవ్వుతూ. "వాన పడినా సరే, అక్కగారు వ్యాను దిగితే గానీ గుమ్మం దాటదు మహారాణి."

మేడం ఇద్దర్నీ గోడ దగ్గర నిలబెట్టి ఫోనులో ఫొటో తీసింది. పెద్దది నవ్వింది. చిన్నది పెద్దదాని వైపు చూసింది. మళ్లీ తీస్తే మళ్లీ అంతే. చివరికి విసుగొచ్చి, రేపు బడిలో విడివిడిగా తీసుకుంటానని చెప్పి మేడం బయటపడింది.

పాత బడికి ఆవిడ ఎన్నోసార్లు వచ్చింది. వచ్చి ఆఫీసు గదిలో కూర్చునేది, పరీక్ష కాగితాల కట్టలు తీసుకుని వెళ్లిపోయేది. తరగతిలో కూర్చోవడం ఇదే మొదటిసారి. తలుపు వారగా ఒక కుర్చీ వేశారు. గది పెద్దది. వెనక సగం బెంచీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి గోడకు చేర్చారు. ముందు సగంలో రెండు తరగతుల పిల్లలు. అటువాళ్లకు టీచరు లెక్క వేసిచ్చి, వాళ్లు చేసేలోపు ఇటువాళ్లకు పాఠం చెబుతోంది.

"పిల్లలు తగ్గారని ఒక టీచర్ని తీసేశారు మేడం" అంది ఆమె, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ. ఫిర్యాదులా కూడా లేదు. "మీరు టీచర్లకు కూడా ఒక లాటరీ పెట్టండి. మొదటి చీటీ నాదే." తన జోకుకు తనే నవ్వి, మళ్లీ బోర్డు వైపు తిరిగింది.

చిన్నది కిటికీ దగ్గరి బెంచీలో కూర్చుంది. ఆ బెంచీ ఇద్దరిది. అది కుడివైపు అంచుకు జరిగి, ఎడమవైపు జాగా వదిలి కూర్చుంది. పుస్తకాన్ని కూడా తన ముందు పెట్టుకోలేదు, ఇద్దరికీ కనబడేలా మధ్యలో పెట్టింది. రబ్బరు ఎడమవైపు ఉంది. కావలసినప్పుడల్లా చెయ్యి చాచి తెచ్చుకుని, మళ్లీ అక్కడే పెడుతోంది.

టీచరు ఒక ప్రశ్న అడిగి దాన్ని లేపింది. తేలికైన ప్రశ్న. దానికి జవాబు వచ్చని పెదవులు కదలడంలోనే తెలిసిపోతోంది. కానీ నోరు తెరవబోతూ ఎడమవైపుకు తల తిప్పింది. ఎవరో 'ఊఁ, చెప్పు' అంటారని ఆగినట్టు ఆగింది. అక్కడ ఎవరూ లేరు. కిటికీ వెలుతురు బెంచీ చెక్క మీద పడుతోంది. తల మళ్లీ ముందుకు తిప్పేసరికి జవాబు పోయింది.

"కూర్చో తల్లీ" అంది టీచరు మెల్లిగా. ఆమెకు ఇది రోజూ ఉండేదే. "పెద్దదుండగా ఇది గడగడా చెప్పేది మేడం. పెద్దది అందించేదేమీ లేదు, ఊరికే పక్కనుండేది, అంతే. నేను వేరే పిల్లని పక్కన కూర్చోబెట్టి చూశా. ఆ పిల్లకూ చీటీ వచ్చి వెళ్లిపోయింది. ఇంకెవరినీ కూర్చోనివ్వడం లేదు."

మేడం గది చుట్టూ చూసింది. ఇంకో బెంచీలో ఇంకొకడు అంచుకు జరిగి కూర్చున్నాడు. ఆ వెనక మరో పిల్ల. చూడటం మొదలుపెట్టాక ప్రతి బెంచీలోనూ ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయిన జాగాయే కనబడింది. ఆవిడ కుర్చీని తలుపు వైపు జరుపుకుంది. ఎండ వేళ, కేకలు వేస్తున్న పిల్లల మధ్య కూర్చుని భయమేమిటని తనను తనే కోప్పడి, ఫొటో తీయకుండానే లేచి వచ్చేసింది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ ఆవిడ కప్పు ఎడమవైపు పెట్టి, ఆ పక్క ఖాళీ జాగావైపే చూస్తూ కూర్చుంది.

"ఏమైంది? తేడా తేలలేదా?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"తేడా తేలింది. ఎవరి వల్ల తేలిందో తెలియట్లేదు."

"చీటీ వేసి చూడు. మన పెళ్లప్పుడు కూడా వేసే ఉంటావు, నాకు చెప్పలేదు గానీ" అని నవ్వాడు.

ఆఫీసుకు వెళ్లగానే ఆవిడ తలుపు దగ్గరికి వేసుకుని, రెండేళ్ల మార్కులు తెరిచింది. వాళ్ల వృత్తిలో ఒక అలవాటుంది. ప్రతి ఏటి సగటునూ సున్నాగా పెట్టుకుని, ఎవరు దానికి ఎంత పైన ఉన్నారు, ఎంత కింద ఉన్నారు అన్నదే చూస్తారు. ఏడాదికోసారి ప్రశ్నపత్రం మారుతుంది కనుక అలా చూడటం సుఖం. అందులో ఒక చిక్కుంది. ఇద్దరు ఒకే మెట్టు మీద ఉండి, ఒకరు కిందికి దిగితే సగటూ వాళ్లతోపాటు దిగుతుంది. కదలకుండా నిలబడ్డ రెండోవాళ్లు పైకెక్కినట్టు కనిపిస్తారు. ఈ మాట ఆవిడే ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు చెబుతోంది. తన లెక్క దగ్గరకొచ్చేసరికి తట్టలేదు. తేడా అంత ముచ్చటగా వచ్చాక ఎవరికి మాత్రం తడుతుంది?

ప్రతి ఏటి పరీక్షలోనూ మార్చకుండా ఇచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆవిడ వాటిని మాత్రం విడదీసి, కొత్త బడి పిల్లలు ఎన్నిటికి సరిగా రాశారో, పాత బడి పిల్లలు ఎన్నిటికి రాశారో రెండు గీతలు గీసింది. కొత్త బడి గీత చదునుగా ఉంది. వెళ్లినరోజు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే. పాత బడి గీత మొదట్లో దాన్ని ఆనుకునే ఉండి, అక్కడినుంచి కిందికి జారుతూ పోయింది. పెద్దది అప్పుడు ఎలా చదివేదో ఇప్పుడూ అలాగే చదువుతోంది. తగ్గింది చిన్నదే. తను ఇన్నాళ్లూ కొత్త బడి చేసిన మేలని కొలిచింది, పాత బడి పిల్లలకు జరిగిన కీడుని.

తప్పేమో అని మళ్లీ గీసింది. అదే వచ్చింది. ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది.

డైరెక్టరు మంచివాడు. ఎవరిమీదా గొంతు పెంచడు. రెండు గీతలనూ కళ్లజోడు పైకెత్తి చూశాడు, దించి చూశాడు. "తేడా అంతే ఉంది కదా మేడం?" అన్నాడు.

"అంతే ఉంది. కానీ పైకెక్కడం వల్ల రాలేదు సార్. మనం కొందర్ని తీసేయడం వల్ల మిగిలినవాళ్లు పడిపోయారు. టీచర్ని తీసేశాం, పక్కనున్న పిల్లల్ని తీసేశాం."

"అంటే పాత బడిలో ఉంటే పిల్లలు మునుగుతున్నారనేగా?" ఆయన మొహం విప్పారింది. "ఇది ఇంకా గట్టి మాట. వీలైనంత మందిని, వీలైనంత తొందరగా బయటికి లాగాలి అని రాద్దాం. రెండు గీతలూ పెట్టండి, దాచడం ఎందుకు? మన వైపు తప్పేం లేదు."

ఆవిడ గీతల కాగితాన్ని వెనక్కి తీసుకుంది. నిజం దాచమంటే పోట్లాడటానికి సిద్ధపడి వచ్చింది. నిజాన్ని రెండు చేతులా తీసుకుని జేబులో వేసుకునేవాడితో ఎలా పోట్లాడాలో ఆవిడకు తెలియలేదు.

సాయంత్రం మళ్లీ కవలల ఇంటికి వెళ్లింది. ఫొటో వేయడం లేదని చెప్పి వచ్చేద్దామనుకుంది. చెప్పింది. తల్లి ఎందుకని అడిగింది. దానితో మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఎంత తేలిక మాటల్లో చెబితే అంత దారుణంగా వినబడింది.

తల్లి మిషను ఆపలేదు. పాదంతో తొక్కుతూనే వింది. ఒకచోట దారం తెగింది. మళ్లీ ఎక్కించుకోబోతే కొన సూదిలోకి పోలేదు. రెండుసార్లు తడిచేసి, చివరికి దారం వదిలేసింది.

"పెద్దదానికి అక్కడ ఏం పెరగలేదా మేడం? కొంచెం కూడానా?"

"లెక్కల్లో కనబడలేదు."

"నీలం చొక్కా వేసుకుని అది వ్యాను ఎక్కుతుంటే, వీధి వీధంతా చూసేది. అదేదో ఆఫీసరైపోయినట్టే ఉండేది నాకు." మిషను మీది గుడ్డను పక్కకు తీసి, "కవలలకు కలిపి ఒకటే చీటీ వేస్తే సరిపోయేది కదా! వస్తే ఇద్దరూ, పోతే ఇద్దరూ" అంది.

మేడం జవాబు చెప్పకుండా ఉండవచ్చు. రూలు అలా ఉందంటే ఆ తల్లి నమ్మేది. కానీ పక్క గదిలో ఒక గొంతు పాఠం చదువుతుంటే, రెండో గొంతు ఆ మాటల్నే తొట్రుపాటు లేకుండా అందుకుని చదువుతోంది. రెండోది చిన్నదని ఆవిడకు తెలుసు.

"అలా వేద్దామనే అన్నారు. నేనే వద్దన్నాను" అంది.

"ఎందుకని?"

"విడిపోయిన కవలలుంటే పోల్చి చూడటానికి బాగుంటుందని."

తల్లి ఆవిడ మొహంలోకి చూసింది. తిడుతుందేమోననుకుంది మేడం. తిట్టినా బాగుండేది. ఆమె కుర్చీలోంచి లేచి, తీగ మీది గోధుమరంగు చొక్కాను చేతిలోకి తీసుకుని, దాని భుజాల కొలత జానతో చూసింది. "ఇలాంటిదే ఇంకోటి కుట్టడానికి గుడ్డ ఉందేమో చూడాలి" అంది తనలో తను అనుకున్నట్టు. తర్వాత మేడం వైపు తిరిగి, "పొద్దుపోతోంది, మీరు వెళ్లండి" అంది.

పెద్దల ముందు నివేదిక పెట్టిన రోజున హాలు నిండుగా ఉంది. మేడం రెండు గీతలూ తెరమీద చూపించింది. ఏది చదునుగా ఉందో, ఏది జారిందో కర్ర పెట్టి మరీ చెప్పింది. "పాత బడిని ఇలా వదిలేసి మరిన్ని చీటీలు తీస్తే, పడిపోయేవాళ్లు ఇంకా పెరుగుతారు" అంది, కాగితంలో లేని మాట. ముందు వరుసలోని పెద్దాయన శ్రద్ధగా తలూపి, "అయితే వచ్చే ఏడు సీట్లు రెట్టింపు చేద్దామంటారు?" అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పబోతూ ఎడమవైపుకు తిరిగింది. అక్కడ ఖాళీ కుర్చీ ఒకటుంది. ఈలోగా డైరెక్టరు లేచి, చేద్దామండీ అనేశాడు. చప్పట్లు మోగాయి.

ఆ మర్నాడు కొత్త బడి గుమాస్తా ఫోన్ చేశాడు. "మీ లాటరీ పిల్లల్లో ఒకతె మానేసింది మేడం. కవలల్లో పెద్దది. పాత బడిలో చేరిందట. వాళ్లమ్మను బతిమాలాను, లక్షణమైన సీటు కాలదన్నుకుంటున్నావని చెప్పాను. వింటేనా? చొక్కాలు మడతపెట్టి ఇచ్చేసి వెళ్లిపోయింది."

మొదట ఆవిడకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. రెండేళ్లలో ఎవరైనా నిజంగా ఎంచుకున్నది ఇదొక్కటే అనిపించింది. ఇప్పుడు కిటికీ దగ్గరి బెంచీ నిండి ఉంటుంది. చిన్నది నోరు తెరుస్తుంది. పోయిన మార్కులు మెల్లిగా తిరిగి రావచ్చు.

అంతలోనే ఆవిడలోని ఆర్థికవేత్త మేలుకుంది. చీటీ వచ్చినవాళ్లు ఎప్పటికీ చీటీ వచ్చినవాళ్లే. మధ్యలో ఎటు పోయినా కొత్త బడి లెక్కలోనే రాయాలి, లేకపోతే పోలిక చెడుతుంది. ఈ నియమం మంచిదే, దాన్నీ ఆవిడే పట్టుబట్టి పెట్టించింది. రేపు పెద్దది చెల్లెలి పక్కన కూర్చుని, ఆ పాత గదిలో, రెండు తరగతులు మోస్తున్న టీచరు దగ్గర ఎంత బాగా చదివినా, ఆ మేలంతా కొత్త బడి ఖాతాలో పడుతుంది. ఆవిడ ఒంటరిగా కూర్చుని నవ్వింది. ఆ నవ్వు తనకే నచ్చక ఆపేసింది.

"వింటున్నారా మేడం?" అన్నాడు గుమాస్తా. "సీటు ఖాళీ అయింది కదా. వరసలో తర్వాతి పిల్ల ఎవరో మీరు చెబితే, నేను కబురు పెడతా."

"నేను చెబుతాలే వాళ్లకి" అంది ఆవిడ.

వరసలో తర్వాతి పిల్లదీ పాత బడే, ఆ తరగతే. మొహం గుర్తు రాలేదు. సీటు ఖాళీగా ఉంచేస్తే ఎవరడుగుతారు? ఎవరూ అడగరు. కానీ ఆ పిల్ల తల్లి రెండేళ్లుగా ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది. ఆమెకు రావలసినదాన్ని ఆమెకు చెప్పకుండా ఆపడానికి తనెవరు? చెబుదాం. చెప్పి, ఆ వెంటనే ఉన్నదున్నట్టు మిగతాదీ చెబుదాం. విని, ఆమే తేల్చుకుంటుంది. ఈసారి ఎంచుకోవడం ఆమె చేతుల్లోనే ఉంటుంది. ఈ ఆలోచన వచ్చాక ఆవిడకు ధైర్యం వచ్చింది. నంబరు కలిపింది.

"ఎవరండీ?"

"నేనమ్మా, లాటరీ మేడాన్ని. మీ పాపకు కొత్త బడిలో సీటు వచ్చింది."

 అవతలినుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు.

"మీ కాళ్లకు దండం మేడం! ఇక రాదనుకున్నాం. వాళ్ల నాన్నైతే ఆ మాటే ఎత్తొద్దన్నాడు. మా ఇంటి దీపం మేడం మీరు!"

"ఒక్క మాట వినండమ్మా. వెళ్లే ముందు మీరు ఒక సంగతి తెలుసుకోవాలి. అక్కడికి వెళ్లిన పిల్లలు..."

"ఏం చెప్పొద్దు మేడం, ఏ కాగితం మీద కావాలంటే ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తా. ఎంత దూరమైనా నేనే దింపుతా. ఒసే, ఇటు రావే, లాటరీ మేడం ఫోన్ చేశారు! నీకు కొత్త బడొచ్చింది!"

"అమ్మా, నా మాట..."

ఫోను చేతిలోనే ఉంచుకుని మాట్లాడుతున్నట్టుంది ఆ తల్లి. పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు, గిన్నె ఏదో దొర్లిన చప్పుడు, ఆ తర్వాత రొప్పుతూ పిల్ల గొంతు వినబడ్డాయి.

"నిజంగానా అమ్మా? నాతో ఇంకెవరెవరు వస్తున్నారు?"

"ఎవరూ లేరే పిచ్చిదానా!" తల్లి గొంతు సంతోషంతో పగిలిపోయింది. "మీ తరగతి మొత్తంలో నువ్వొక్కదానివే! నువ్వొక్కదానివే వెళ్తున్నావే తల్లీ!"